నాందేడ్ రాళ్లు ఏ చిట్టాలో ఉన్నయి?

మన నాందేడ్ జిల్లాలో దొరికిన పాత శాసనాల్లో చానా కన్నడంలో ఉన్నయి. కల్యాణి చాళుక్యుల నాటివి. మా బడి చదువంతా కన్నడ మీడియమే కాబట్టి, ఇంట్లో ఈ సంగతి వచ్చినప్పుడల్లా అందరూ మా దిక్కే చూస్తరు. కానీ ఇవాళ్టి కన్నడం వచ్చినంత మాత్రాన ఆ రాయి చదవరాదు. ఆ రోజుల్లో తెలుగుకూ కన్నడానికీ లిపి దాదాపు ఒకటే. రెండూ తెలిసిన మాకు కూడా అక్కడొక అక్షరం, ఇక్కడొక అక్షరం తప్ప దొరకదు.

అందుకని చదవడం పండితులకు వదిలి, మేము వేరే పని పెట్టుకున్నం. ఏ ఊరి రాయి, ఏ గుడి, ఏ కోట ఏ దఫ్తరులో ఏ పేరుతో ఎక్కిందో సరిచూడటం. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో రోజూ చేసేదే ఇది. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలవదో చూడాలె.

కలవని చోట్లు బాగానే ఉన్నయి. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది, దానికి గులాం యజ్దానీ పెద్ద. ఆ వరుసలో తెలంగాణ జిల్లాల శాసనాలకు సంపుటాలు వచ్చినయి. కన్నడ జిల్లాల శాసనాలకు పి. బి. దేశాయి పుస్తకం 1958లో వచ్చింది. నాందేడ్ లెక్కకు మరాఠీ జిల్లా, రాళ్ల మీద భాష ఏమో కన్నడం! ఆ రెండు పేర్లలో దేంట్లోనూ ఇమడలేదు. ఈ జిల్లా పేరుతోనే పుస్తకం తెచ్చింది శ్రీనివాస రిత్తి, జి. సి. శెల్కె, 1968లో.

ఇంకో చిక్కు 1956 నవంబరు 1న వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం విడిపోయినప్పుడు నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. కానీ మన జిల్లాలోనే ఉన్న దెగ్లూరు తాలూకా బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలోని భైంసా, కుబీర్, ముధోల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయినయి. బిచ్కుంద ముందు నాందేడ్ జిల్లా, తర్వాత నిజామాబాద్, 2016 నుంచి కామారెడ్డి. ఊరు కదల్లేదు, జిల్లా రెండుసార్లు మారింది. 1956 ముందటి కాగితంలో 'నాందేడ్ జిల్లా, దెగ్లూరు తాలూకా' అని ఉన్న రాయిని ఇవాళ దెగ్లూరులో వెతికితే దొరుకుతదా?

పేర్ల సంగతి మనకు కొత్త గాదు. అక్కడ 'వారు' అనే ఇంటిపేరు ఇక్కడికొచ్చి 'వార్' అయింది. ఆధార్ కార్డు ఒక తీరు, భూమి కాగితం ఇంకో తీరు. కంధార్ కూడా అంతే. ఒకచోట కంధార్, ఒకచోట ఖందార్, శాసనాల్లో కంధారపురం. కాకతీయుల పూర్వీకులు కందారం నుంచి హనుమకొండకు వచ్చినట్టు సిద్ధేశ్వర చరిత్ర కథ. ఆ కందారం ఇదేనని కొందరంటరు. దీని మీద మేము తీర్పు చెప్పం. కానీ ఆ కథను వెతికే తెలుగాయనకు మహారాష్ట్ర చిట్టాలోని కోట కనబడాలె గదా.

కేంద్రం చిట్టా 1958 చట్టం కింద, రాష్ట్రం చిట్టా 1960 చట్టం కింద. రెండింటిలో దేంట్లోనూ లేని రాళ్లను కూడా నమోదు చెయ్యడానికి 2007లో జాతీయ మిషన్ మొదలైంది. మేము చూసిన కాగితాల్లో ఒకదాని నంబరు ఇంకోదాంట్లో రాసి లేదు. నష్టం ఏమంటే, 2013లో కాగ్ వాళ్లు కేంద్ర రక్షిత కట్టడాల్లో 92 కనబడట్లేదని రాసిరి. మళ్లీ వెతికితే 42 దొరికినయి. మిగిలిన 50లో 14 ఊర్లు పెరిగి పోయినయి, 12 జలాశయాల్లో మునిగినయి, 24 ఎక్కడున్నయో తెలవదు. పెద్ద చిట్టాలో ఉన్నవాటి గతే ఇది. మన ఊళ్లలో గుడి మెట్టుగా, బట్టలుతికే బండగా ఉన్నవాటికి ఏ నంబరూ లేదు.

మా పట్టికలో ఒక్కో రాయికి ఇవి రాస్తున్నం: ఊరి పేరు తెలుగు, మరాఠీ, కన్నడ లిపుల్లో, 1956 ముందటి తాలూకా, ఇప్పటి జిల్లా, రిత్తి, శెల్కె పుస్తకంలో ఉంటే పుట, ఫోన్ చూపిన అక్షాంశ రేఖాంశాలు. పాత పేరు తప్పనిపించినా కొట్టెయ్యం, పక్కన కొత్తది రాస్తం. దెగ్లూరు, ముఖేడ్, బిలోలి, బిచ్కుంద దిక్కు మీ చుట్టాలుంటే ఫోటో తీసి పంపమనండి. పొద్దుగూకే ముందు పక్క వెలుతురులో తీస్తే అక్షరాలు తేలుతయి. సున్నం, నూనె, చాక్‌పీసు మాత్రం పూయొద్దనండి.