ఉల్కతో గెడ్డం

ఆకాశం నుంచి రాలిన ఉల్కలోని ఇనుమును ఉక్కుతో కలిపి, మడతలు పెట్టి సాగగొట్టి, దానితో మంగలికత్తి చేయించుకునే మనుషులున్నారు ఈ లోకంలో. పాత ఓడ గొలుసు, అరిగిన ఆకురాయి, మిల్లు రంపం, బేరింగు గుళ్లు, ఏదీ వదలరు. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇంటి వెనక కొలిమి పెట్టుకుని, అడిగినవాళ్లకు మాత్రమే ఒక్కో కత్తీ చేసిచ్చే పనివాళ్లున్నారు. ఆర్డరిచ్చి నెలల తరబడి ఎదురుచూసే గెడ్డాలూ ఉన్నాయి. ఈ సంగతి శ్రీకాకుళం తీరంలోని భావనపాడు సెలూన్లో చెబితే, కుర్చీలో ఉన్నాయన నురగలోంచే నవ్వాడు.

నవ్వితే నవ్వాడు గానీ, దొరికిన ఇనుముతో కత్తి చేయడం మనకేం కొత్త? లారీ కమాను కట్ట విరిగితే అది కమ్మరి కొలిమికే చేరుతుంది. అక్కడ కొడవలో, చేపలు కోసే కత్తో అయి బయటికొస్తుంది. మూలపేట పోర్టు పనులకు ఇన్ని లారీలు తిరుగుతున్నాయి కదా, ఈ చుట్టుపక్కల కత్తులకు కరువుండదు. కాకపోతే మన కమ్మరి దాన్ని తుక్కంటాడు. అవతలివాళ్లు అదే తుక్కుకి జాతకం రాసి, చందనపు పిడి తొడిగి అమ్ముతారు.

అసలు ఈ వింత ఉక్కుల పిచ్చికి మూలం మన దేశంలోనే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. పారశీక వర్తకులు అక్కడే మకాం వేసి కొనుక్కుపోయేవారు. అలాంటి భారతదేశపు ఉక్కు నమూనాలు బొంబాయి నుంచి 1794లో లండన్‌లోని శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. ఆ ఉక్కును సాగగొట్టి చూసినవాడు జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల వ్యాపారి. శస్త్రచికిత్స పనిముట్లు, గెడ్డం కత్తులు ఆయన సరుకు. ఏళ్ల తరబడి పోల్చి చూశాక ఐరోపాలోని మేలురకం ఉక్కుకంటే ఈ ఇండియా ఉక్కే తనకు నచ్చిందని దుకాణం కార్డు మీద అచ్చేయించుకున్నాడు. మనవాళ్ల సరుకుకి అంతకంటే నిజాయితీగల సిఫారసు నేనెక్కడా చూడలేదు.

ఆ స్టోడార్ట్‌కు జతకలిసినవాడు మైకేల్ ఫారడే. విద్యుత్తుతో పేరు తెచ్చుకోక ముందు ఆయన చేసిన పనుల్లో ఇదొకటి. పైగా కమ్మరి కొడుకు. మన ఉక్కు గుట్టేమిటో తేల్చుకుందామని మొదలుపెట్టి, ఉక్కులో ప్లాటినం, రోడియం, వెండి కలిపి చూశారు. 1820లోనూ 1822లోనూ ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 500 పాళ్ల ఉక్కుకి ఒక పాలు వెండి మాత్రమే ఇముడుతుందట. అంతకు మించితే వెండి చెమటలా బయటికి కక్కేస్తుందట. తను తయారుచేసిన మిశ్రమాల్లో ఒకదానితో గెడ్డం కత్తులు చేయించి ఫారడే స్నేహితులకు కానుకగా ఇస్తూండేవాడు. ఆ తర్వాత షెఫీల్డ్ కంపెనీలు 'సిల్వర్ స్టీల్' అని ముద్ర కొట్టి బోలెడు కత్తులు అమ్ముకున్నాయి. ముద్రలో ఉన్న వెండి లోపల కూడా ఉందని నమ్మడం కొన్నవాడి మంచితనం.

మరి వింత ఉక్కయితే గెడ్డం నున్నగా వస్తుందా? కత్తి అంచు మన వెంట్రుక మందంలో నూరోవంతు కూడా ఉండదు. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఒక సంగతి చూపించారు. వెంట్రుక ఉక్కుకంటే 50 రెట్లు మెత్తనిదే, అయినా దాని దెబ్బకు అంచు పెచ్చులూడుతుంది. ఉక్కు అమరిక ఒకచోట ఒకలా, పక్కన ఇంకోలా ఉంటే ఆ పెచ్చు ముందుగా అక్కడే లేస్తుంది. అంటే రెండు మూడు లోహాలు కలిపి అలలు అలలుగా తేల్చిన కత్తి కంటికి విందే గానీ, బుగ్గకు కావలసింది అంతటా ఒకేలా ఉన్న సన్నటి ఉక్కు. దాన్ని సరిగ్గా కాల్చి, సరైన అదనులో చల్లార్చిన చెయ్యి ముఖ్యం. ఉల్క నిజంగా గొప్పదే, గెడ్డానికి మాత్రం పనికొచ్చేది ఆ చెయ్యే.

భావనపాడు ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. జపాన్‌లో షిమానే ప్రాంతంవాళ్లు నల్ల ఇసుకనే బొగ్గుతో కలిపి మూడు పగళ్లూ మూడు రాత్రులూ కాచి తమహగనే అనే ఉక్కు తీస్తారు. అది ముఖ్యంగా ఖడ్గాలకే పోతుంది. మన ఇసుకతో కూడా ఒక కత్తి చేస్తే, అని నాకూ ఆశ పుట్టింది. కానీ వాళ్లు ఏరుకునేది టైటానియం తక్కువున్న ఇసుక. శ్రీకాకుళం తీరపు నల్లదనంలో ఎక్కువ పాలు ఇల్మనైటు, అంటే టైటానియం ఖనిజమే. కొలిమికి లొంగేది కాదు.

ఇక మన సెలూన్. అక్కడి పనివాడు కాగితం విప్పకుండానే బ్లేడును నిలువునా రెండుగా విరిచి, ఒక సగాన్ని పిడిలోకి జొనిపి, రెండోదాన్ని అద్దం కింద పెట్టాడు. పూర్వం ఇదే చోట పొది విప్పి, కత్తి వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి నూరి, తోలు మీదో అరచేతి మీదో నాలుగుసార్లు ఇటూ అటూ లాగేవారు. ఆ కత్తులేమయ్యాయని అడిగాను.

"ఇప్పుడా కత్తులెవులు నూరతారు బాబూ? ఒక్క బ్లేడిరిస్తే రెండు గెడ్డాలైపోతాయి."

ఎయిడ్స్ ప్రచారం ఊరూరా సాగాక పాత కత్తి మూలపడింది. మంచిదే జరిగింది, పదిమంది బుగ్గల మీద ఒకే కత్తి నడిచిన రోజులు మళ్లీ రావాలని నేను కోరను. ఎవరి కత్తి వాళ్లకుంటే మాత్రం అభ్యంతరమేముంది?

మీ తాతగారి పెట్టెలో అలాంటిదొకటి ఉంటే ఇనప సామాన్లవాడికి తూకానికి వేసేయకండి. మనది ఉప్పుగాలి, తడి ఆరకుండా మూసిపెడితే తెల్లారేసరికి తుప్పే. తుడిచి, మిషన్ నూనె రెండు చుక్కలు రాయండి. గరుకు కాగితంతో రుద్దితే తుప్పుతోపాటు ముద్ర కూడా పోతుంది, ఆ పని చేయొద్దు. తెలిసినవాళ్ల చేత నూరించకుండా బుగ్గకు ఆనించొద్దు.