ఎనిమిది ఎర్ర దీపాల లెక్క

చేపల తొట్టెలో నాచు పడితే ఎవరైనా గోకి పారేస్తారు. ఆ నాచునే పనిగట్టుకుని పెంచి, దానిచేతే నీటిని శుభ్రం చేయించడమంటే తలకిందుల వ్యవహారంలా అనిపిస్తుంది. కానీ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ ఈ పద్ధతికి 1982లోనే అమెరికాలో పేటెంటు పొందారు. ఇప్పుడది పెద్ద అక్వేరియంల నుంచి ఇళ్లలోని తొట్టెల దాకా వచ్చేసింది.

సూత్రం సులువే. చేపల విసర్జనలు, తినకుండా మిగిలిన మేత నీటిలో అమ్మోనియాగా మారతాయి. అది చేపలకు విషం. బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మామూలు ఫిల్టర్ల పని అక్కడితో సరి. పేరుకుపోయిన నైట్రేట్‌ను వదిలించుకోవాలంటే నీళ్లు మార్చాల్సిందే. నాచుకు మాత్రం అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ మూడూ ఆహారమే. గరుకైన ప్లాస్టిక్ మెష్‌ను నిలువుగా వేలాడదీసి, దాని మీదుగా పల్చగా నీటిని జారవిడుస్తూ, రెండు వైపులా గట్టి వెలుగు పెడితే కొన్ని వారాల్లో ఆ మెష్ పచ్చటి తివాచీ అవుతుంది. వారానికోసారి దాన్ని గోకి తీసేస్తే తొట్టెలోని మురికి కూడా దానితోపాటే బయటికి పోతుంది. మెష్, చిన్న పంపు, చీలిక కోసిన పీవీసీ పైపు ఎక్కడైనా దొరుకుతాయి. తంటా అంతా వెలుగు దగ్గరే.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, రైల్వే క్వార్టర్ల పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒక తెలుగు ఇంటికి ఆ తంటా సరిగ్గా ఎండలు ముదిరే వేళకు వచ్చిపడింది. అంతకు రెండు నెలల ముందు, చలికాలంలో, ఆ ఇంటి పెద్దాయన 200 లీటర్ల గోల్డ్‌ఫిష్ తొట్టెకు ఇలాంటి ఫిల్టర్ సొంతంగా కట్టుకున్నారు. ఆరంగుళాల మెష్, అటు నాలుగు, ఇటు నాలుగు ఎర్ర ఎల్‌ఈడీలు, వాటన్నిటికీ కలిపి ఒక డ్రైవర్. రెండు నెలలు అది చక్కగా పనిచేసింది. నీళ్లు అద్దంలా ఉండేవి. ఏప్రిల్ వచ్చేసరికి దీపాలు కొట్టుకోవడం మొదలైంది. వేసిన పది నిమిషాలు నిలకడగా వెలిగి, తర్వాత టపటపా ఆరుతూ వెలుగుతూ ఉండేవి.

ఈ పని ఆయనకు కొత్తదేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను తన పెద్ద స్థావరాల్లో ఒకటిగా చేసుకున్న కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు ఇక్కడికి పనికోసం వస్తూనే ఉన్నాయి. ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే బయటివారికి ఐఐటీ, లేదంటే 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాం గుర్తొస్తాయి. ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న ఆ ప్లాట్‌ఫాం ఖ్యాతి 2013లో గోరఖ్‌పూర్‌కు పోయింది. కానీ ఇక్కడి తెలుగువారికి ఈ ఊరంటే ముందు వర్క్‌షాపు, షెడ్డు, షిఫ్టులు. పెద్దాయన తండ్రి ఫిట్టర్. ఆయన బోగీల్లో లైట్లు, ఫ్యాన్లు చూసే ట్రెయిన్ లైటింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. బోగీ కింద బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్, 110 వోల్టుల బ్యాటరీలు, రెండు టెస్ట్ ల్యాంపులు ఆయన జీవితం. ఇప్పుడు కొడుకుకు రైల్వే ఇచ్చిన క్వార్టర్‌లోనే ఉంటున్నారు.

కాబట్టి దీపం కొట్టుకుంటుంటే ఆయన అనుమానం సహజంగానే జాయింట్ల మీదికి పోయింది. ఎనిమిది ఎల్‌ఈడీలూ సిరీస్‌లో ఉన్నాయి. ఒకదాంట్లోంచి పోయిన కరెంటే తర్వాతి దాంట్లోకి పోవాలి. ఎక్కడ తెగినా ఎనిమిదీ ఆరిపోతాయి. వేడెక్కాక వదులైన సోల్డరింగ్ విడిపోవడం, చల్లారాక మళ్లీ అంటుకోవడం బోగీల్లో ఆయన వందసార్లు చూసిన రోగమే. పైగా ఈ దీపాల పక్కనే రోజంతా నీటి తుంపర. పదహారు జాయింట్లూ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ సోల్డర్ చేశారు. పది నిమిషాలు బాగానే వెలిగాయి. పదకొండో నిమిషం నుంచి మళ్లీ అదే ఆట.

తర్వాతి అనుమానం డ్రైవర్ మీద. అచ్చు అలాంటిదే ఇంకొకటి తెప్పించి మార్చారు. ఫలితం మారలేదు. ఎల్‌ఈడీలను ఒక్కొక్కటిగా మల్టీమీటర్ డయోడ్ స్థానంలో పెట్టి చూశారు. ఎనిమిదీ మినుకుమంటూ వెలిగాయి. గోడ సాకెట్‌లో వోల్టేజీ నిలకడగానే ఉంది. ఏ భాగాన్ని విడిగా పరీక్షించినా బాగానే ఉంది. కలిపితే మాత్రం పనిచేయడం లేదు.

ఈలోగా తొట్టె ఆగలేదు. వెలుగు సరిగ్గా అందక మెష్ మీది పచ్చదనం గోధుమ రంగుకు తిరిగి, జిగురుగా ముద్దలై ఊడిపోసాగింది. చచ్చిన నాచు తాను అంతవరకూ తిన్నదంతా తిరిగి నీటికే అప్పగిస్తుంది. ఆహారం నీటిలో పెరిగేసరికి తొట్టెలో నీరే ఆకుపచ్చగా మారింది. తెల్లవారుజామున గోల్డ్‌ఫిష్‌లు పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం ఆడసాగాయి. ఒక చేప చచ్చిపోయింది. ‘‘మీ దీపాలాట మానేసి చేపల్ని బతకనివ్వండి’’ అని ఇంటావిడ కోప్పడ్డారు. ‘‘నాన్నా, ఇది తీసేసి రెడీమేడ్ ఫిల్టర్ కొనేద్దాం’’ అన్నాడు కొడుకు. మాటలో తప్పు లేదు. రోజూ సగం నీళ్లు మార్చుకుంటూ ఎన్నాళ్లని నెట్టుకురావడం?

అసలు విషయం డ్రైవర్ మీద అంటించిన చిన్న కాగితంలోనే ఉంది. 18-36 వోల్టులు, 600 మిల్లీ ఆంపియర్లు. ఎల్‌ఈడీ డ్రైవర్ మామూలు అడాప్టర్ లాంటిది కాదు. అడాప్టర్ వోల్టేజీని స్థిరంగా ఉంచుతుంది. డ్రైవర్ కరెంటును స్థిరంగా ఉంచి, వోల్టేజీని తనకు తగిలించిన దీపాలకు తగ్గట్టు సర్దుకుంటుంది. కానీ ఆ సర్దుబాటుకు పైనా కిందా హద్దులుంటాయి. దీపాలు అడిగేది 18 వోల్టుల కంటే తగ్గితే ఈ రకం డ్రైవర్ నిలదొక్కుకోలేదు. ఆగిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగిపోతుంది. బయట నుంచి చూసేవారికి అది దీపం కొట్టుకోవడంలా కనిపిస్తుంది.

అలాంటి డ్రైవర్లు ఇళ్లలో వాడే తెల్ల దీపాల కోసం తయారవుతాయి. తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలం ఎల్‌ఈడీయే. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత పూస్తే వెలుగు తెల్లగా కనిపిస్తుంది. నీలం కాంతి కణానికి శక్తి ఎక్కువ. దాన్ని పుట్టించడానికి ఒక్కో ఎల్‌ఈడీకి 3 వోల్టులకు పైగా కావాలి. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. ఎరుపు దాని కంటే తక్కువ శక్తి కాంతి. ఎర్ర ఎల్‌ఈడీకి రెండుంబావు వోల్టులు చాలు. ఎనిమిది తెల్లవైతే దాదాపు 25 వోల్టులు, అంటే డ్రైవర్‌కు మధ్యస్థంగా హాయిగా ఉండే లెక్క. ఎనిమిది ఎర్రవైతే 18 దగ్గరే, అంటే కరెక్టుగా గట్టు అంచున.

మరి ఎర్రవే ఎందుకు పెట్టారు? నాచులోని పత్రహరితం ఎక్కువగా పీల్చుకునేది ఎరుపు, నీలం కాంతులను. అందుకే ఈ ఫిల్టర్లకు 660 నానోమీటర్ల ముదురు ఎరుపును వాడతారు. మన కంటికి ఆకుపచ్చ బాగా ఆనుతుంది కానీ ఈ ఎరుపు ఆనదు. మసగ్గా ఉందనుకున్న దీపం నాచుకు కడుపునిండా తిండి పెడుతూ ఉండవచ్చు. ఈ ఫిల్టర్ వెలుగును కంటితో చూసి తేల్చడం కుదరదన్నమాట.

పది నిమిషాల చిక్కుముడి కూడా ఇక్కడే విడింది. ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ అది అడిగే వోల్టేజీ తగ్గుతుంది. డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు. ఒక్కదాంట్లో అది లెక్కలోకి రాదు. ఎనిమిదింట్లో, ముప్ఫై నలభై డిగ్రీలకు, అర వోల్టు దాటుతుంది. పెద్దాయన మీటర్ తీగలు ఎనిమిది దీపాల రెండు కొసలకూ ముందే బిగించి, ఆ తర్వాత స్విచ్ వేశారు. 18.5 వోల్టులు. అయిదు నిమిషాలకు 18.2. తొమ్మిదో నిమిషంలో 17.9. మరుక్షణమే దీపాలు కొట్టుకోసాగాయి. అప్పుడు బల్ల ఫ్యాన్ తెచ్చి అల్యూమినియం పట్టీకి ఎదురుగా పెట్టారు. కాసేపటికి వోల్టేజీ 18 దాటింది, దీపాలు నిలబడ్డాయి. ఫ్యాన్ ఆపితే మళ్లీ మొదటికి. వదులు జాయింటైనా ఫ్యాన్ గాలికి కుదురుకోవచ్చు గానీ, మీటర్‌లో అంకె ఇలా మెట్టుమెట్టుగా దిగదు.

చలికాలంలో ఎందుకు బాగుందో వేరే చెప్పక్కర్లేదు. గది పదిహేను డిగ్రీలు చల్లగా ఉంటే ఎనిమిది దీపాలకూ కలిపి పావు వోల్టు ఎక్కువ. ఆ పావు వోల్టే రెండు నెలలు తొట్టెను కాచింది. ఏ వస్తువూ పాడవలేదు. కట్టిన రోజు నుంచీ జోడీ కుదరలేదు, అంతే. పాత డ్రైవర్ తీసి అలాంటిదే పెట్టడం వల్ల ఏమీ తెలియకపోవడానికీ అదే కారణం. బాగున్నదాని స్థానంలో బాగున్నదే వచ్చింది.

మందు చిన్నదే. అదే వరుసలో రెండు వామ్ వైట్ ఎల్‌ఈడీలు కలిపారు, మెష్‌కు అటొకటి, ఇటొకటి. మొత్తం 24 వోల్టులైంది. వేడెక్కినా, చల్లారినా హద్దుకు దూరంగానే ఉంటుంది. రెసిస్టర్ పెట్టి వోల్టేజీ పెంచవచ్చు గానీ, ఆ కరెంటంతా ఊరికే వేడిగా పోతుంది. తక్కువ వోల్టేజీకి పనికొచ్చే డ్రైవర్ కొనడం ఇంకో దారి.

ఈ పనిలో ప్రాణాల మీదికి తెచ్చే విషయాలు రెండు మూడున్నాయి. చవక డ్రైవర్లలో కొన్నిటికి లోపల మెయిన్స్‌కూ దీపాలకూ మధ్య అడ్డు ఉండదు. దీపాల తీగను ముట్టుకున్నా 230 వోల్టుల షాక్ కొట్టవచ్చు. అందుకే పెద్దాయన ప్లగ్ తీయకుండా తీగ మీద చెయ్యి వేయరు. తొట్టెకు పోయే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది. డ్రైవర్ నీటికి దూరంగా, పైన ఉంటుంది. తీగ సాకెట్‌లోకి వెళ్లే ముందు కిందికి వేలాడి పైకి లేస్తుంది, నీటి చుక్క జారినా ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఇంకొక జాగ్రత్త దీపాల కోసం. డ్రైవర్ వెలుగుతుండగా ఎల్‌ఈడీలను తగిలించకూడదు. లోడ్ లేని డ్రైవర్ కెపాసిటర్‌లో గరిష్ఠ వోల్టేజీ నిండి ఉంటుంది. తగిలించిన క్షణంలో అదంతా దీపాల మీద పడి అవి మాడిపోతాయి.

దీపాలు నిలిచాక మూడు వారాలకు మెష్ మళ్లీ పచ్చబడింది. కాకపోతే ఈసారి పచ్చలో పసుపు కలిసింది. తిండికి మించి వెలుగు పడితే నాచు ఇలా పాలిపోతుంది. 11 వాట్ల చోట ఇప్పుడు 14 దాటుతున్నాయి కదా. రోజుకు 16 గంటలున్న టైమర్‌ను 12కు దించారు. రంగు కుదుటపడింది. తొట్టెలో నీరు తేటపడింది. ఆదివారం గోకి తీసిన నాచు క్వార్టర్ ముందున్న పూల కుండీల్లోకి పోతోంది. రెడీమేడ్ ఫిల్టర్ మాట ఇంట్లో మళ్లీ రాలేదు.

అనవసరంగా కొన్న రెండో డ్రైవర్ అల్మరాలో ఉంది. పాతది ఎప్పుడైనా పోతే పనికొస్తుంది. ఆ రోజు తాను ఇంట్లో లేకపోయినా మార్చేవాళ్లు తడబడకూడదని పెద్దాయన దాని డబ్బా మీద మార్కర్‌తో రాసిపెట్టారు: ‘‘18 వోల్టులకు తగ్గితే కొట్టుకుంటుంది. తెల్లవి రెండూ తీయొద్దు.’’