గీత వెలుపల నిలిచినవారు

మేము గెలిచిన ఆటలు కొన్ని, ఓడినవి అనేకం. అవేవీ నేడు మమ్మల్ని బాధించవు. బాధించేది గెలవక, ఓడక ముగించిన ఒకే ఒక ఆట.

తరగతుల మధ్య జరిగిన ఫుట్‌బాల్ పోటీలలో చివరి ఆట మాది. సరిసమానంగా ముగిస్తే మాకూ, ప్రత్యర్థులకూ తదుపరి దశలో చోటు దక్కుతుంది. అప్పటికే తమ ఆటలు ముగించుకున్న జూనియర్ తమ్ముళ్ళ జట్టు నిష్క్రమిస్తుంది. ఎవరమూ నోరు విప్పి ఒప్పందం చేసుకోలేదు. అయినా బంతి మైదానం నడుమనే తిరిగింది. తమ్ముళ్ళు గీత వెలుపల మౌనంగా నిలబడి చూశారు. మేము దానిని తెలివి అనుకున్నాము.

తరువాత అల్జీరియా జట్టు చరిత్ర చదివినప్పుడు, అందులో మా ముఖాలే మాకు కనిపించాయి.

1962లో ఫ్రెంచి పాలననుండి విముక్తి పొందిన ఆ దేశం, 1982లో స్పెయిన్‌లో తొలిసారి ప్రపంచ కప్పు ఆడింది. జూన్ 16న హిహోన్ నగరంలో మాజెర్, బెల్లూమి చేసిన గోలులతో, ఐరోపా విజేత పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించింది. ప్రపంచ కప్పులో ఒక ఆఫ్రికా జట్టు ఐరోపా జట్టును జయించడం అదే ప్రథమం. ఆస్ట్రియా చేతిలో 0-2తో ఓడినా, జూన్ 24న చిలీని 3-2తో గెలిచింది.

మరునాడు పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తలపడ్డాయి. జర్మనీ ఒకటి రెండు గోలుల తేడాతో గెలిస్తే ఇరువురికీ మేలు. తొలి పావుగంటలోనే హ్రుబెష్ గోలు చేశాడు. అటుపై ఆట పేరుకే సాగింది. అల్జీరియా అభిమానులు కరెన్సీ నోట్లు ఊపి నిరసించారు. మూడు జట్లకూ రెండేసి విజయాలు. గోలుల వ్యత్యాసం వల్ల అల్జీరియా ఇంటిదారి పట్టింది. ఫిర్యాదు చేసినా ఫలితం మారలేదు. నియమభంగం జరగలేదు కదా!

చివరకు నియమమే మారింది. 1986నుండి ప్రపంచ కప్పులో ప్రతి గ్రూపు చివరి ఆటలను ఒకే వేళకు జరుపుతున్నారు. అల్జీరియాకు దక్కని న్యాయం తరువాతివారికి దక్కింది. ఆ జట్టు మాత్రం క్రుంగిపోలేదు. 1990లో స్వదేశంలోను, 2019లో కైరోలోను ఆఫ్రికా కప్పు గెలుచుకున్నది. 2014 ప్రపంచ కప్పులో మళ్ళీ జర్మనీ ఎదురైనప్పుడు, తొంభై నిమిషాలు గోలు ఇవ్వక నిలిచి, అదనపు సమయంలో 1-2తో ఓడింది.

నియమం తప్పలేదని మేమూ ఆనాడు సమాధానం చెప్పుకున్నాము. ఆ తమ్ముళ్ళకు ఇది మా ఆలస్యపు క్షమాపణ. ఇకపై మన పోటీలలోనూ చివరి ఆటలను ఒకే వేళకు జరిపించవలసిందిగా కళాశాల కమిటీవారిని సవినయంగా కోరుతున్నాము.