మార్కులు వస్తే చెప్పడం వచ్చినట్టేనా?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఇంటర్ లెక్కల్లో నాకొచ్చిన 75కి 75 మార్కులు చూసి, సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న నల్లగండ్లలో ఒకరు ఏడో తరగతి బాబుకి ట్యూషన్ చెప్పమన్నారు. ఆ డబ్బులతోనే నా పీజీ మెస్ బిల్లు గడవాలి.

బాబు 1/2 + 1/3 = 2/5 అని రాశాడు. ఎల్.సి.ఎం. మూడుసార్లు చెప్పినా మళ్లీ అదే రాశాడు. విసుక్కున్నాను. వాడు బిక్కమొహం వేశాడు.

ఆ రాత్రి మన హాస్టల్ అన్న ఒకరు గుర్తొచ్చారు. లెక్కల్లో ఫెయిలై, సప్లిమెంటరీలో పాసైన అన్న. నేను తప్పు చేస్తే తిట్టకుండా "ఇలా ఎందుకు చేశావురా?" అని అడిగేవారు.

మర్నాడు నేనూ అలాగే అడిగాను.

"పైవి పైవి, కిందివి కిందివి కలిపాను సార్."

"2/5 సగం కంటే తక్కువ కదా! సగానికి ఇంకొంచెం కలిపితే తగ్గుతుందా?"

బాబు నవ్వి, తానే కొట్టేశాడు.

తమ్ముళ్లారా, మనకేం వచ్చో మార్కులు చెబుతాయి. ఎదుటివాడు ఎక్కడ ఆగాడో మాత్రం వాణ్ణి అడిగితేనే తెలుస్తుంది.