పాత ఇంజను వెల



మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చీరాల దగ్గర వాడరేవులో పడవల ఇంజన్ల మరమ్మతులూ అమ్మకాలూ ఎక్కువగా అప్పుడే. ఒక వేసవిలో మన సంఘపు విధవరాలు ఒకామె, భర్త వాడిన డీజిల్ ఇంజను అమ్ముతూ, "అయ్యగారూ, మీరు పక్కనుంటే చాలు" అంది.

పరిచర్యకు రాకముందు పర్చూరు వైపు మిరప చేలల్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసినవాణ్ణి. ఈ ఇంజను ఉప్పుగాలికి పైన తుప్పు పట్టింది. అయినా చల్లగా ఉండగానే హ్యాండిల్ తిప్పితే అందుకుంది. నీలిపొగ లేదు, అంటే రింగులు అరగలేదు. ఆయిల్ పాలలా తెల్లబడలేదు, అంటే లోపలికి నీళ్లు చేరలేదు. ఫ్యాను తిప్పే షాఫ్టు బుష్ మాత్రం అరిగి ఊగుతోంది.

కొనేవాడూ మన సంఘస్థుడే. "పాత ఇనుము, తూకానికే పోతుంది" అన్నాడు. అతడు మందిరం పైకప్పుకు ఇస్తానన్న కానుక గుర్తొచ్చి నేను ఊరుకున్నాను. ఆమె నా ముఖం చూసి, సరే అనబోయింది.

సామెతలు 20:14లో ఉన్నది ఇతడే: ఎదుట వస్తువును తీసిపారేసి, వెళ్తూ మురిసేవాడు. మరి పక్కన నోరు మెదపని నేనెవరిని?

"ఆగమ్మా" అని చూసినదంతా చెప్పాను. బుష్ సంగతీ దాచలేదు. వెల పెరిగింది. కానుక రాలేదు; ఆ వానాకాలం మందిరం కురిసింది.

ప్రియులారా, దొంగ తూకం రాళ్లతోనే కాదు, మౌనంతోనూ వేయగలం. ప్రభువు మన నోటిని కాయును గాక. ఆమేన్.