మా చెరువులో కొరమీను ఏమైంది?

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా, చింతామణి తాలూకాలో కెంచార్లహళ్ళి అనే ఊరుంది. పేరు చివరనున్న 'హళ్ళి' కన్నడం, ఊళ్ళో వినిపించే మాట తెలుగు. పిల్లలు బడిలో కన్నడం చదువుకుని, ఇంటికొచ్చి తెలుగులో అన్నం అడుగుతారు. చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో చాలా పల్లెలది ఇదే వరస. కైవారం నారాయణ తాతయ్య తత్త్వాలు రెండు భాషల్లోనూ చెప్పింది ఈ సీమలోనే. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళి కూడా ఈ జిల్లాలోదే. 2007 వరకు ఇదంతా కోలారు జిల్లా కిందే ఉండేది.

బెంగళూరు నుంచి చింతామణి సుమారు 75 కిలోమీటర్లు. అక్కడి నుంచి పల్లె బస్సు ఎక్కితే దారికి రెండు పక్కలా టమాటా తోటలు, పట్టుపురుగుల కోసం వేసిన మల్బరీ మళ్ళు, మధ్యమధ్య బోడిగుండ్లు, వాటి కింద చెరువులు కనిపిస్తాయి. బంధువుల ఇళ్ళున్నాయి కనుక ఏడాదికో రెండేళ్ళకో ఈ దారిన వెళ్ళివస్తుంటాను. వెళ్ళినప్పుడల్లా సాయంత్రం చెరువు కట్ట మీద నడవడం, గాలం వేసుకుని కూర్చున్నవాళ్ళ పక్కన కాసేపు చతికిలబడడం నాకు అలవాటు. ఈ వ్యాసం ఆ చెరువుల గురించి, వాటిలోని చేపల గురించి.

ఈ సీమలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పాపాఘ్ని, చిత్రావతి, పినాకిని ఇక్కడి కొండల్లో పుట్టినా, ఇక్కడివాళ్ళకు కనిపించేది ఎక్కువగా వాటి ఇసుకే. అందుకే పెద్దలు చెరువుల మీద ఆధారపడ్డారు. ఉమ్మడి కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులు ఉన్నాయని లెక్క. అవి విడివిడిగా లేవు, గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండి మరువ పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి పోతాయి. మరువను ఇక్కడ కన్నడం వాళ్ళు 'కోడి' అంటారు. తూము తీసి ఎవరి మడికి ఎంత నీరో పంచేవాడు నీరుగంటి.

వాన బాగా కురిసిన ఏడు చెరువు నిండేది. ఎండాకాలానికి అడుగంటేది. రెండు మూడేళ్ళకొకసారైనా పూర్తిగా ఎండి, అడుగున నెర్రెలు విచ్చేది. రైతు అది చూసి ఏడ్చినా, చేపల లెక్కలో ఆ ఎండడానికి ఒక పని ఉండేది. నీళ్ళు మోకాలి లోతుకు దిగినప్పుడు ఊరు ఊరంతా ఊతలు, వలలు పట్టుకుని చెరువులో దిగేది. దొరికినవి దొరికినట్టు పట్టేసేవాళ్ళు. మిగిలేవి బురదలో బతకగల జాతులే. కొరమీను, మట్టగిడస, మార్పు - ఇవి నీటిలోని గాలితో సరిపెట్టుకోకుండా పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. తడి ఆరని బురదలో ఒదిగి వాన కోసం కాచుకుంటాయి. కొత్త నీరు రాగానే పొలం కాలవల్లోకి ఎగబాకి గుడ్లు పెడతాయి. పరిగెలు, జెల్లలు పై చెరువుల నుంచి వరదతో వస్తాయి. ఇలా చెరువు ఎండినప్పుడల్లా చేపల లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది.

ఈ చేపల్లో రాజు కొరమీను. ముళ్ళు తక్కువ, రుచి ఎక్కువ. తెలంగాణవారు దాన్ని తమ రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు. హైదరాబాదులో మృగశిర కార్తె నాడు ఉబ్బసానికి ఇచ్చే చేపమందులో వాడేదీ కొరమీను పిల్లలనే. గాలం వేసేవాడికి అది సవాలు. వానపాముకు అంత సులువుగా లొంగదు. చిన్న కప్పనో, బతికున్న చేపపిల్లనో గుచ్చి, తామరాకుల అంచున నీటి మీద ఆడిస్తే, ఒక్కసారిగా నీరు పగిలి గాలం గుంజుకుపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడి సరస్సుల్లో బాస్ చేప కోసం ఎంత దూరమైనా పోతారని వింటాం. ఇక్కడి గాలం రాయుళ్ళకు కొరమీను అలాంటిది. బెంగళూరు కుర్రాళ్ళు ఇప్పటికీ రబ్బరు కప్పలు కొనుక్కుని దీనికోసం పల్లె చెరువులకు వస్తుంటారు.

ఈమధ్య వెళ్ళినప్పుడు కట్ట మీద ఒక బెస్త పెద్దాయన వల దులుపుతూ కనిపించాడు. బుట్ట నిండా బూడిదరంగు చేపలు. ఒక్కటీ అరచేతికి మించి లేదు.

"కొరమీను పడలేదా, పెద్దాయనా?" అన్నాను.

"కొరమీను యాడుంది సామీ! వల ఏస్తే జిలేబి, గాలమేస్తే జిలేబి. నీళ్ళుండాయి, చేపలుండాయి, కూలి మాత్రం గిట్టదు" అన్నాడాయన.

జిలేబి అంటే తీపి పదార్థం కాదు, తిలాపియా చేప. ఆంధ్రలో కొన్నిచోట్ల దీన్నే చైనా గురక అంటారు. నిజానికి దీని పుట్టిల్లు చైనా కాదు, ఆఫ్రికా. మొజాంబిక్ తిలాపియాను 1952లో బాంకాక్ నుంచి మన దేశానికి తెచ్చారు. త్వరగా పెరుగుతుంది, ఏది పెడితే అది తింటుంది, పేదవాడికి చవకగా మాంసకృత్తులు దొరుకుతాయని ఆశ. ఏడేళ్ళు తిరక్కముందే, 1959లో, దీన్ని కొత్త నీళ్ళలో వదలవద్దని కేంద్రం స్థాయిలో నిర్ణయం జరిగింది. అప్పటికే అది చెరువులు పట్టేసింది. తమిళనాడు అమరావతి జలాశయంలో అదే ప్రధానమైన చేప అయి కూర్చుంది. రాజస్థాన్‌లోని జైసమంద్ సరస్సులో అది చేరాక బొచ్చె, రోహు చేపల సగటు బరువు పడిపోయింది.

దీని గుట్టు సంతానంలో ఉంది. రెండు మూడు నెలల వయసుకే ఈడుకొస్తుంది, ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెడుతుంది. తల్లి గుడ్లనూ పిల్లలనూ నోట్లో పెట్టుకుని కాపాడుతుంది కనుక నష్టం తక్కువ. చెరువులో గుంపు ఎక్కువై తిండి చాలకపోతే మిగతా చేపలు పిల్లలు పెట్టడం తగ్గిస్తాయి, ఇది పెరగడం తగ్గిస్తుంది. ఒంటికి పట్టాల్సిన తిండి గుడ్లకు పోతుంది. వేలెడంత ఉండగానే తల్లి అవుతుంది. దాంతో చెరువు నిండా చేపలే ఉంటాయి, అమ్మడానికి తగిన చేప ఒక్కటి ఉండదు. గుత్తకు తీసుకున్నవాడు డబ్బు పోసి వదిలిన బొచ్చె, రోహు పిల్లలకు దక్కాల్సిన నాచు, సూక్ష్మజీవులు దీని కడుపులోకే పోతాయి. పనిలో పనిగా ఇతర చేపల గుడ్లూ పిల్లలూ కూడా పోతాయి.

ఇంత పాత చేప ఇప్పుడే ఇంతగా ఎందుకు బలిసింది? నాకు తోచిన జవాబు నీళ్ళలోనే ఉంది.

రెండు దశాబ్దాల పాటు ఈ చెరువులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటి, ఆ నీటిలో ఫ్లోరైడు బయటపడి జనం అల్లాడిపోయారు. అప్పుడు ప్రభుత్వం బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి ఇటు పంపే పథకాలు పెట్టింది. కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం రోజుకు 44 కోట్ల లీటర్లతో కోలారు జిల్లా, చింతామణి తాలూకాల్లో 126 చెరువులు నింపాలని లెక్క. దాని మొదటి నీరు 2018 జూన్‌లో కోలారు జిల్లా లక్ష్మీసాగర చెరువుకు చేరింది. హెబ్బాళ-నాగవార లోయ పథకం రోజుకు 21 కోట్ల లీటర్లతో చిక్కబళ్ళాపురం, బెంగళూరు వైపు 65 చెరువులకు. ఈ నీటిని రెండో దశ వరకే శుద్ధి చేస్తారు, మూడో దశ లేదు. దాని మీద కోర్టుల్లో పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఆ మంచిచెడ్డలు పెద్ద చర్చ. భూగర్భజలం పైకి వచ్చిందని సంతోషించే రైతులూ ఉన్నారు, ఆ నీటిని చూసి భయపడేవాళ్ళూ ఉన్నారు.

చేపల సంగతి వరకు రెండు విషయాలు స్పష్టం. ఒకటి, ఈ నీటిలో ఎరువు సత్తువ ఎక్కువ, కనుక నాచు విపరీతంగా పెరుగుతుంది. ప్రాణవాయువు తగ్గినా, నాచు పెరిగినా తట్టుకునే జిలేబికి అది పెళ్ళిభోజనం. రెండోది, నీరు అందిన చెరువు ఇక ఎండదు. ఎండనప్పుడు ఊరు ఊతలతో దిగదు, జిలేబి ఏరివేత జరగదు.

దీనికి తోడు 2021 నవంబరులో కుండపోత వానలు వచ్చాయి. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో ఎన్నో ఏళ్ళుగా మరువ పారని చెరువులు పొంగిపొర్లాయి. జనం పసుపు కుంకుమలతో గంగపూజలు చేశారు. ఆ ఆనందం న్యాయమైనదే. అయితే గొలుసుకట్టు చెరువుల్లో వరదతో పాటు చేప కూడా ప్రయాణం చేస్తుంది. పై చెరువులో ఉన్న జిలేబి కింది చెరువులకు ఖర్చు లేకుండా చేరుతుంది.

జిలేబి కన్నా ప్రమాదకరమైన చుట్టం మరొకటుంది, ఆఫ్రికా మార్పు. మన మార్పుకు పెద్దన్నలా ఉంటుంది. ఇది 1990ల తొలి సంవత్సరాల్లో బంగ్లాదేశ్ మీదుగా దొంగచాటుగా మన దేశంలోకి వచ్చింది. ప్రభుత్వం 2000లో దీని పెంపకాన్ని నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్ళీ గట్టిగా చెప్పింది. అయినా బెంగళూరు చుట్టుపక్కల గుంటల్లో కోళ్ళ వ్యర్థాలు మేపి పెంచుతున్నారని, అధికారులు దాడులు చేశారని పత్రికల్లో వస్తూనే ఉంటుంది. ఇది ఇతర చేపలను తింటుంది, గాలి పీల్చగలదు, బురదలోనూ బతుకుతుంది. అంటే చెరువు ఎండబెట్టినా దీన్ని వదిలించుకోవడం కష్టం.

ఇటువంటి బాధ మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో ఒహాయో నదీ ప్రాంతానికి చెందిన ఒక జాతి క్రేఫిష్ - రొయ్యకూ ఎండ్రకాయకూ మధ్యస్థంగా ఉండే ప్రాణి - ఎర డబ్బాల్లో ప్రయాణించి విస్కాన్సిన్ సరస్సులకు చేరింది. అక్కడ నీటి మొక్కలను కొరికేసి, చేపల గుడ్లను తినేసి, గాలం వేసేవాళ్ళకు ఇష్టమైన చేపల బతుకు కష్టం చేసింది. స్పార్క్లింగ్ లేక్ అనే సరస్సులో విశ్వవిద్యాలయం వారు 2001 నుంచి 2008 వరకు ఏటా వేసవిలో బుట్టలు పెట్టి క్రేఫిష్‌ను పట్టారు. అంతటితో ఆగలేదు. దాన్ని తినే స్మాల్‌మౌత్ బాస్ చేపలను పట్టడం మీద కఠినమైన పరిమితి పెట్టించారు. పెద్ద క్రేఫిష్‌ను మనుషులు, చిన్నవాటిని బాస్ చేపలు పంచుకున్నాయన్నమాట. క్రేఫిష్ బాగా తగ్గింది, నీటి మొక్కలు మళ్ళీ మొలిచాయి. బుట్టలు ఆపిన తరువాత కూడా కొన్నేళ్ళు అది తిరిగి పెరగలేదు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా పెద్దాయన బుట్ట గుర్తొచ్చింది. మనకూ ఒక బాస్ ఉంది కదా, కొరమీను! జిలేబి పిల్లలను అది ఇష్టంగా తింటుంది. ఆసియా దేశాల్లో తిలాపియా గుంటల్లో గుంపు తగ్గించడానికి కొరమీనును వదిలే పద్ధతి ఉంది. కానీ మనం చేస్తున్నది తలకిందులు పని. గిట్టుబాటు ధర వస్తుందని కొరమీనునే వెంటపడి పడుతున్నాం, ధర రాని జిలేబిని నీటికి వదిలేస్తున్నాం. కొరమీను జంట తమ ఎర్రటి పిల్లల గుంపును కాచుకుంటూ ఒకేచోట తిరుగుతుంది. ఆ కాపలా వల్లే సులువుగా దొరికిపోతుంది. తల్లిదండ్రులను పడితే పిల్లలన్నీ జిలేబి పాలే.

చేయదగ్గ పనులు పెద్దవేం కావు. పిల్లలతో తిరిగే కొరమీనును ఆ వానాకాలం వదిలిపెట్టడం. వేసవిలో చెరువు నీరు తగ్గినప్పుడు, వాడుకోగలిగినంత తూము ద్వారా పొలాలకు వదిలి, ఊరంతా దిగి జిలేబిని చిన్నదీ పెద్దదీ అనకుండా ఏరేయడం. చేపల గుత్త వేలం వేసేటప్పుడే పంచాయతీ ఈ షరతులు రాసుకోవడం. పట్టిన చిన్న చేపను ఎండబెడితే ఎండుచేపలకు, కోళ్ళ మేతకు పనికొస్తుంది. తప్పు చేపది కాదు. విజయవాడ దగ్గర కేంద్ర సంస్థ ఆధ్వర్యంలో మేలుజాతి తిలాపియాను పద్ధతిగా పెంచుతున్నారు. మగ చేపలనే ఎంచి, నిఘాలో ఉన్న గుంటలో పెంచితే అది రైతుకు లాభమే. గుంట దాటి చెరువులో పడితేనే చేటు.

దూరదేశాల్లో ఉన్న మన పిల్లలకు కూడా ఇందులో ఒక పాఠం ఉంది. ఇంట్లో గాజుతొట్టెలో పెంచిన చేప విసుగొస్తే జాలిపడి పక్క చెరువులో వదలవద్దని చెప్పండి. గాలం వేయడానికి వెళితే మిగిలిన బతికున్న ఎరను నీళ్ళలో పారబోయవద్దని చెప్పండి. విస్కాన్సిన్‌లో జరిగింది అదే.

చింతామణి వైపు వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం ఏ చెరువు కట్ట మీదైనా కూర్చోండి. నిండు చెరువు చూసి సంతోషించండి, ఆ సీమ వాళ్ళు దానికోసం చాలా ఏళ్ళు ఎదురుచూశారు. తరువాత వల దులుపుకుంటున్నవాళ్ళను బుట్టలో ఏమున్నాయో అడగండి. జిలేబి తప్ప మరేమీ లేదంటే, ఊరి పంచాయతీలో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే కొరమీను మాట ఒకటి వాళ్ళ చెవిన వేసి రండి.