గుంతకల్లు రేవు, ఉగ్గాణి

ఏ ఊరిని గురించిన యాత్రాపుస్తకం తిరగేసినా "ఎక్కడ తినాలి?" అన్న అధ్యాయం ఒకటి ఉంటుంది. 2012లో ఉద్యోగం పనిమీద మూడు వారాలు హాంబర్గులో ఉండవలసి వచ్చినప్పుడు నేనూ అటువంటి పుస్తకమొకటి సంచిలో వేసుకుని వెళ్ళాను. చేపముక్క పెట్టిన రొట్టె రేవు పక్కన ఎక్కడ తినాలో, పొద్దున కాఫీతో నంజుకునే దాల్చినచెక్క రొట్టె ఎలా ఉంటుందో, అన్నీ ఓపిగ్గా రాశారు. చదువుతూంటే ఒకటి తోచింది. ఆ అధ్యాయమంతా ఊరికి వచ్చేవాడి కోసం రాసినది. ఊరు విడిచి పోయేవాడు చివరిసారిగా ఏం తిని పోయాడన్న ఊసు అందులో లేదు. అనంతపురం జిల్లావాడిని గనుక నాకు ముందుగా ఆ ప్రశ్నే వస్తుంది. మావైపు వచ్చేవాళ్ళకన్నా పోయేవాళ్ళే ఎక్కువ.

మాకు సముద్రం లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కురిస్తే. దేశంలో జైసల్మేరు తర్వాత మాదే ఎండుజిల్లా అని చిన్నప్పుడు బడిలో చెబుతుంటే, ఏదో రెండో బహుమతి వచ్చినట్టు వినేవాళ్ళం. అటువంటి చోట రేవు ఏదంటే గుంతకల్లు అనే చెప్పాలి. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు పట్టాలు, బొంబాయి పట్టాలు కలిసిన నాటినుంచి ఆ దారి మా మీదుగానే. బళ్ళారి, హుబ్లీల వైపొకటి, బెంగుళూరు వైపొకటి, నంద్యాల మీదుగా గుంటూరుకొకటి. రాత్రి ఏ వేళకు వెళ్ళినా ప్లాట్‌ఫారం మీద మూటలు తలకింద పెట్టుకుని పడుకున్నవాళ్ళు కనిపించేవారు.

మా ఇంటి తిండి రాగిసంగటి. అది ప్రయాణానికి పనికిరాదు. పొయ్యి మీదనుంచి దించి ముద్ద చేసిన వేడిమీద, ఊరిబిండితోనో గోంగూరతోనో తింటేనే దానికి రుచి. చల్లారితే గట్టిపడిపోతుంది. దారికి కట్టేవి జొన్నరొట్టెలు. పలుచగా తట్టి, సెగమీద బాగా ఎండబెడితే వారమైనా చెడవు. వాటితో చెనక్కాయల పొడి. ఇక స్టేషను బయట బండ్లమీద దొరికేది ఉగ్గాణి. కోస్తా మిత్రులకోసం చెబుతున్నాను: బొరుగులను నీళ్ళలో ఇట్టే ముంచి పిండేస్తారు, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసిన తిరగమోతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లి, నిమ్మకాయ పిండుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గాణి కాదు. కన్నడంలో ఒగ్గరణె అంటే తిరగమోత. బళ్ళారి వాళ్ళు ఇదే వంటకాన్ని ఆ మాటతోనే పిలుస్తారు. కొద్దిపాటి నీళ్ళు, అయిదు నిమిషాల మంట చాలు. కరువు సీమలో, అందునా రైలు కూత వేస్తూండగా, ఇంతకన్నా తెలివైన వంట ఏముంటుంది?

1986లో నాకు పదేళ్ళు. అంతకుముందు రెండేళ్ళుగా చెనక్కాయ పంట చేతికి రాలేదు. విత్తనాలకోసం చేసిన అప్పు అట్లాగే ఉంది. బెంగుళూరులో ఇళ్ళు కట్టే పనికి పోవాలని నాయన నిశ్చయించుకున్నాడు. సాగనంపడానికి చిన్నాయనతో కలిసి నేనూ గుంతకల్లుదాకా వెళ్ళాను. అమ్మ పొద్దున్నే లేచి పన్నెండు రొట్టెలు తట్టి, పొడిని విడిగా పొట్లం కట్టి, గుడ్డలో మూట చేసి ఇచ్చింది.

చిన్నాయన టికెట్టుకని వెళ్ళినప్పుడు నాయన నన్ను స్టేషను బయటికి తీసుకువెళ్ళి రెండు పొట్లాల ఉగ్గాణి కొన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. బయట తిండికి దుడ్డు పెట్టే మనిషి కాడాయన.

"అమ్మ రొట్టెలు కట్టింది గదా నాయనా?"

"అవి ఆడికి పోయినాంక. అమ్మకు చెప్పాకు."

నిజం చెప్పాలంటే, నాయన పోతున్నాడన్న దిగులుకన్నా ఆ క్షణాన నా ధ్యాసంతా బజ్జీ మీదే ఉంది. కారానికి కళ్ళవెంట నీళ్ళు వస్తూంటే ఏడుస్తున్నాననుకున్నాడు కాబోలు, తన బజ్జీ కూడా నా కాగితంలో పెట్టాడు. ఏడవడం లేదని నేను చెప్పలేదు. రెండోదీ తిన్నాను.

రహస్యం మూడు రోజులకన్నా నా కడుపులో నిలవలేదు. ఏదో మాటమీద అమ్మతో అనేశాను. కష్టపడి చేసిన రొట్టెలు ముట్టకుండా బండి దగ్గర తిన్నాడని కోప్పడుతుందనుకున్నాను. అమ్మ చేస్తున్న పని ఆపి, "ఒగ రొట్టె గూడా తిన్లేదా?" అంది. లేదన్నాను. "దినానికి మూడు. నాలుగు దినాలకు కూలి చేతికొస్తాది. మీ నాయనకు లెక్క తెలుసులే," అని మళ్ళీ పనిలో పడింది. ఆమె పన్నెండు తట్టిందీ ఆ లెక్కతోనే అని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తరువాత కూడా ఇంకా మూడు నాలుగు వేసవులు ఆయన అట్లా పోయివచ్చాడు. వచ్చిన రోజు అడిగేది సంగటి ఒక్కటే. ఇంట్లో ఎప్పుడైనా అమ్మ ఉగ్గాణి చేస్తే పళ్ళెం పక్కకు జరిపి, "అది రైలు తిండి" అనేవాడు. 2004లో పోయేదాకా అదే మాట.

మావైపు బాటసారులకు అన్నం పెట్టినవాళ్ళు లేరని కాదు. మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు గుత్తిలోనే పాతిపెట్టారు. ఆ తరువాత ఆయన అవశేషాలను మద్రాసుకు తరలించారు గానీ, గుత్తిలో ఆయన పేరిట బాటసారులకోసం ఒక సత్రం కట్టించారు. దారిలో పోయినవాడి పేరున దారినపోయేవాళ్ళకు సత్రం. నా చిన్నతనంలో మాత్రం మావాళ్ళెవరూ సత్రాలను నమ్ముకుని బయలుదేరలేదు, మూటనే నమ్ముకున్నారు.

హాంబర్గులో ఒకరోజు సహోద్యోగి తమ ఊరి వంటకమని లాబ్స్‌కౌస్ తెప్పించుకున్నాడు. ఉప్పులో ఊరిన మాంసం, బంగాళాదుంపలు, బీట్‌రూటు కలిపి మెదిపిన ఎర్రటి ముద్ద, పైన గుడ్డు, పక్కన హెరింగ్ చేప. నేను రుచి చూడలేదు. చూపుకు ఎవరో తిని వదిలేసినట్టుందని మనసులో అనుకున్నాను. నెలల తరబడి సముద్రంమీద ఉండి పళ్ళు కదిలిపోయిన నావికులు కూడా తినగలగాలని అట్లా చేసేవారని అతను చెప్పాక, నా ఆలోచనకు సిగ్గుపడ్డాను. అతను మాత్రం దాన్ని ఇష్టంగా తిన్నాడు. నాయన కూడా ఉగ్గాణిని అట్లా తిని ఉంటే బాగుండునని ఒక్కసారి అనిపించింది.

ఆ ఆదివారం వెడ్డెల్ అనే దీవికి వెళ్ళాను. అమెరికాకు వలసపోయేవాళ్ళకోసం హపాగ్ ఓడల కంపెనీ అధిపతి ఆల్బర్ట్ బాలిన్ 1901లో అక్కడ వసతిశాలలు తెరిపించాడు. దయ ఒక్కటే కారణం కాదు. 1892లో హాంబర్గును కలరా తుడిచిపెట్టింది. తూర్పునుంచి వచ్చే పేద వలసజనమే దాన్ని తెచ్చారన్న నింద మోపారు. ఊరికి దూరంగా ఉంచి, వైద్యపరీక్షలు చేసి, ఓడ వచ్చేదాకా తిండి, పక్క చూసే ఏర్పాటది. ఎంత భయంతో కట్టినా భోజనశాల మాత్రం భోజనశాలే. యూదుల ఆచారం చెడకుండా వాళ్ళకు వేరే వంట కూడా ఉండేది. 2007 నుంచి అది మ్యూజియం. అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. నా కళ్ళముందు మాత్రం పన్నెండు రొట్టెల మూట ఉంది.

తిరిగి వచ్చాక అమ్మకు ఇదంతా చెప్పాను. ఓడలు, కలరా, దీవి, అన్నీ విన్నది.

"అంతమందికి వండినోళ్ళు ఎవురు?" అని అడిగింది.

నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. చూసి రావలసింది అన్నట్టు నావైపొకసారి చూసి, సంగటికి ఎసరు పెట్టడానికి లేచింది.